చదివింపుల లెక్క

చిత్తూరు నుంచి పలమనేరు పోయే రోడ్డుమీద బంగారుపాళ్యం వుంది. బెంగుళూరు బస్సుల్లో తిరిగేవారికి అది కిటికీలోంచి కనిపించి వెనక్కు పోయే ఒక వూరు. కాని మామిడికాయల రోజుల్లో మాత్రం అక్కడ దిగి, మార్కెట్టు యార్డులో ఓ గంట నిలబడి చూడవలసిందే. తోతాపురి ఒకవైపు, బేనీషా ఒకవైపు, నీలం ఇంకొకవైపు రాసులు పోసి వుంటాయి.

అమ్మేవారి తీరులు గమనించండి. ఒకాయన నదరైన కాయలన్నీ ఏరి పైవరసలో పేరుస్తాడు. ఒకాయన గొంతెత్తి పిలుస్తాడు. మరొకాయన మండీవారితో పాత స్నేహం తవ్వి తీస్తాడు. నాలుగో ఆయన ఏమీ చెయ్యడు. రాశి పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చుంటాడు. కొనడానికి వచ్చిన వ్యాపారి అందరి మాటలూ వింటాడు, అందరికీ తల వూపుతాడు, చివరకు మోచేతిదాకా రాశిలో చెయ్యి దూర్చి అడుగుకాయ ఒకటి పైకి తీసి చూస్తాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే మేష్టరుకు మామిడికాయల బేరంతో ఏం పని అంటారేమో. పని వుంది. ఆ యార్డుకు కాయలు తోలే ఒక రైతు కూతురు మా కాలేజీలో డిగ్రీ చదువుతున్నది. కథలు రాస్తుంది. కాగితంమీద కాదు, సెల్‌ఫోనులో. ఒకనాడు తరగతి అయిపోయాక నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

“సార్, నేను రెండు కథలు పెట్టినాను. ఒకదాన్ని 40 మంది చదివినారు. ఇంకోదాన్ని 8 వేలమంది చదివినారు. రెండూ నేను రాసినవే. ఏది మంచిది సార్?” అన్నది.

“రెండూ పంపించమ్మా, చదివి చెబుతాను” అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. ఎందుకంటే అదే ప్రశ్న నన్ను నేను వేసుకుని, జవాబు దొరక్క వదిలిపెట్టిన వాణ్ణి.

నా బ్లాగు, నా ముగ్గురు పాఠకులు

అది 2007వ సంవత్సరం. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. అందరూ పెడుతున్నారు గదా అని నేనూ ఒక బ్లాగు పెట్టాను. బ్లాగంటే తెలియనివారికి ఒక్క మాట. తామే సంపాదకులుగా, తామే అచ్చాఫీసుగా కంప్యూటరులో నడుపుకునే సొంత పత్రిక అనుకోండి. అమెరికాలో 1999లో ‘బ్లాగర్’ అనే సదుపాయం వచ్చాక ఈ పని సామాన్యులకు చేతికందింది. 2003లో గూగుల్ కంపెనీ దాన్ని కొనుక్కున్నది. తెలుగులో రాయడం మొదట్లో కష్టంగానే వుండేది. 2006 ప్రాంతంలో వీవెన్ అనే పేరుతో రాసేవారు తయారుచేసిన ‘లేఖిని’ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెరమీద తెలుగు అక్షరాలు పడతాయి. కొత్త కొత్త రాతలన్నిటినీ ఒకచోట చూపించే ‘కూడలి’ కూడా వారిదే. ఇంకేం కావాలి?

నా మొదటి వ్యాసం ప్రబంధాలలోని వర్ణనలమీద. చాలా పెద్దది. దాన్ని ముగ్గురు చదివారు. ఒకరు నేను. రెండోవాడు మా తమ్ముడు, నా బలవంతంమీద. మూడో ఆయన ఎవరో దారి తప్పి వచ్చారు. వచ్చిన దారినే వెళ్ళారు.

నా దిగులు చూసి ఒక మిత్రుడు నవ్వి, “నువ్వు ఎవరింటికీ పోకుండా నీ ఇంటికి ఎవరొస్తారయ్యా?” అన్నాడు. నాకు జ్ఞానోదయం అయింది. ఆనాటి నుంచి రోజుకు పది బ్లాగులకు వెళ్ళి “చాలా బాగుంది” అని రాసి వచ్చేవాణ్ణి. వారంలో పదిమంది నా దగ్గరకు వచ్చి “చాలా బాగుంది” అని రాశారు. నెల తిరిగేసరికి ముప్ఫైమంది అయ్యారు.

మన పెళ్ళిళ్ళలో చదివింపులు తెలుసు గదా? ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఫలానావారు నూటపదహార్లు అని గట్టిగా చదివి రాసుకుంటాడు. రేపు వారింటి పెళ్ళికి ఆ పుస్తకం తీసి చూసుకుని మనం అంతకు తగ్గకుండా చదివించి రావాలి. నా బ్లాగు వ్యవహారం సరిగ్గా అట్లాగే నడిచింది. ఎవరు నన్ను మెచ్చుకున్నారో, వారికి నేను ఎన్ని మెప్పులు బాకీ వున్నానో మనసులో ఒక పుస్తకం తయారయింది.

అది ఎంతదాకా పోయిందంటే, ఒకనాడు నా వ్యాసం ఏదో పొరపాటువల్ల సగంలో తెగిపోయి, చివరి పేరాలు లేకుండానే బయటికి వచ్చింది. పదకొండుమంది అభిప్రాయాలు రాశారు. అందులో ఇద్దరు ముగింపు అద్భుతంగా వుందన్నారు! వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. వారి రాతలను నేనూ అట్లాగే చదువుతున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరి కొన్ని నెలలకు బ్లాగు మానేశాను.

ఈ పద్ధతిని పూర్తిగా కొట్టివేయను. కొత్తగా రాసేవారికి మొదటి నలుగురు పాఠకులు ఇట్లాగే దొరుకుతారు. ఆ ముప్ఫైమందిలో ఇద్దరు నాకు ఈనాటికీ ఆప్తమిత్రులు. కాని లెక్క పుస్తకం తెరిచిన మరునాటినుంచి మనం రాయడం తగ్గించి, బాకీలు తీర్చడం మొదలుపెడతాం. ఈ సంగతి నాకు అప్పుడు తెలియలేదు.

వేళ తప్పని కొట్టు

ఇప్పుడు కాలం మారింది. బ్లాగుల సందడి చాలావరకు తగ్గింది. కథలు చదివేవారూ రాసేవారూ సెల్‌ఫోనులోని యాపులకు చేరారు. 2014లో బెంగుళూరులో మొదలైన ‘ప్రతిలిపి’లో తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో ఎవరైనా కథ రాసి పెట్టవచ్చు. చదివినవారు అయిదు నక్షత్రాలకు ఎన్ని అని మార్కులు వేస్తారు, సమీక్ష రాస్తారు, నచ్చిన రచయితను అనుసరిస్తారు. మధ్యాహ్నం వంటపని తీరాక గంటసేపు కూర్చుని రాసే గృహిణులు, హాస్టలు గదిలో రాసే విద్యార్థినులు, బస్సులో కూర్చుని రాసే గుమాస్తాలు ఇట్లాంటి చోట్ల రచయితలయ్యారు. సంపాదకుడికి కథ పంపి, తిరుగుటపా కోసం గుమ్మంలో ఎదురుచూసే బాధ లేదు. ఇది చిన్న మేలు కాదు.

కాని సంపాదకుడు లేనిచోట రచయితే తన కథను మోసుకుని తిరగాలి. అందుకని ఎవరి వుపాయం వారిది.

మొదటి వుపాయం వేళ తప్పకపోవడం. రాత్రి తొమ్మిదయిందంటే భాగం పడవలసిందే. ఇది కొత్తదేమీ కాదు. మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దాదాపు అర్ధశతాబ్దం నడిపారు. వంటల నుంచి సంసారపు చిక్కులదాకా ఆడవారు అడిగినవాటికి వారం వారం జవాబు చెప్పేవారు. వారమంటూ వస్తే ఆవిడ వుంటారన్న నమ్మకమే ఆ శీర్షికకు సగం బలం. మిగిలిన సగం ఆవిడ చదువు. ప్రపంచ సాహిత్యంలోని నవలలెన్నో చదివి తెలుగు పాఠకులకు పరిచయం చేసిన మనిషి ఆవిడ. రోజూ తోడే బావిలో వూట వుండాలి. నేటి రచయితలు చాలామంది తోడటానికే వేళ పెట్టుకుంటున్నారు గాని, వూరడానికి వేళ మిగుల్చుకోవడం లేదు. మా అమ్మాయి మూడు నెలలుగా రోజుకొక భాగం రాస్తున్నదట. “ఈ మూడు నెలల్లో ఏం చదివావమ్మా?” అని అడిగితే తల వంచుకున్నది.

సశేషం

రెండో వుపాయం మన వారపత్రికల పాఠకులకు బాగా తెలిసిందే. తలుపు చప్పుడయింది, తెరిచి చూసి ఆమె నిర్ఘాంతపోయింది, సశేషం! యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో ఇంటిల్లిపాదీ ఒకే సంచిక కోసం పోట్లాడుకున్న ఇళ్ళు ఎన్నో. ఫోను యాపుల్లో ఈ సశేషానికి వెల కూడా కట్టారు. తరువాతి భాగం తెరుచుకునేదాకా ఆగలేనివారు నాణేలు చెల్లించి ముందే చదువుకోవచ్చు.

ఇంగ్లండులో డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’ 1836లో నెలనెలా చిన్న భాగాలుగా మొదలైనప్పుడు కొన్ని వందల ప్రతులు అమ్ముడుపోవడమే గగనమయింది. చివరకు వచ్చేసరికి 40 వేలు దాటిందని చెబుతారు. మధ్యలో జరిగిందేమిటి? శామ్ వెల్లర్ అనే నౌకరు పాత్ర ప్రవేశించాడు. జనం అతని మాటలకోసం ఎదురుచూశారు. అంటే భాగం చివర తలుపు చప్పుడయితే చాలదు. తలుపు తెరిస్తే అవతల ఒక మనిషి వుండాలి.

మా అమ్మాయి 8 వేలమంది చదివిన సీరియల్లో వున్నది ఏమిటంటారా? కోటీశ్వరుడైన కంపెనీ యజమాని. పేదింటి పిల్ల. ఏడాది గడువు ఒప్పందంమీద పెళ్ళి. అపార్థాలు. కథ 30 భాగాలలో ముగియవలసింది. “ఇంకా రాయండి, ఆపకండి” అని పాఠకులు వత్తిడి చేస్తే 58 భాగాలయింది. “ఆ యజమానికి ఏం కంపెనీ వుందమ్మా?” అని అడిగాను. “అది నేను ఆలోచించలేదు సార్” అన్నది నిజాయితీగా.

తగాదా, పోటీ

మూడో వుపాయం తగాదా. ఇదీ పాతదే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ పెట్టారు. కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి ‘ఆంధ్రభాషా సంజీవని’ అప్పటికే నడుస్తున్నది. ఇద్దరికీ పడదు. కొక్కొండవారు ‘హాస్యవర్ధని’ అని ఒక పత్రిక పెడితే, పంతులుగారు ‘హాస్య సంజీవని’ పెట్టారు. ఒకరి పత్రిక పేరును మరొకరు ఎత్తిపొడవడమన్నమాట! జనం రెండూ చదివి నవ్వుకుని వుంటారు. కాని ఆ తగాదా వెనక స్త్రీవిద్య, సంఘసంస్కారం వంటి పెద్ద విషయాలు వున్నాయి. విషయం లేని తగాదాకు కూడా గుంపు చేరుతుంది. అయితే ఆ గుంపు రేపు ఇంకొక తగాదా అడుగుతుంది. రెండోరోజు మంచి కథ పెడితే ముఖం తిప్పుకుంటుంది.

నాలుగోది పోటీలు. పోటీ మంచిదే. పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికవారి ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది, తెలుగు కథ అంతదూరం వెళ్ళింది. గడువు తేదీ వుంటేగాని కలం కదలని బద్ధకస్థులకు పోటీలు గొప్ప మందు. ఏడాది పొడుగునా ఇతరులు ఇచ్చిన అంశాలమీదనే రాస్తూ పోయేవారికి మాత్రం, తమకంటూ చెప్పవలసింది ఏమిటో మరుపుకు వస్తుంది.

మెప్పుకు వెల కడితే

ఇంత దూరం వచ్చాక అమెరికావారు చేసిన ఒక ప్రయోగం చెప్పక తప్పదు. 2016లో ‘స్టీమిట్’ అనే వేదిక వచ్చింది. అక్కడ రాసినదానికి పాఠకులు వేసే ఓటే డబ్బు. ప్రభుత్వం ముద్రించే డబ్బు కాదు. కంప్యూటరు లెక్కలలో పుట్టే నాణెం. అయితే అందరి ఓటూ సమానం కాదు. ఎవరి దగ్గర ఆ నాణేలు ఎక్కువ నిలవ వుంటే వారి ఓటుకు బరువెక్కువ. ఊళ్ళో పెద్దరైతు చెయ్యెత్తితే నూరు చేతులతో సమానం అన్నట్టు.

ఏం జరిగిందో ఊహించండి. కొందరు పెద్ద ఆసాముల రాతల కింద కాచుకుని కూర్చుని పొగడటం మొదలుపెట్టారు. కొందరు జట్టు కట్టి, నీకు నేను నాకు నువ్వు అని ఓట్లు వేసుకున్నారు. కొందరు అద్దెకు ఓట్లు వేసే కంప్యూటరు యంత్రాలనే తయారుచేశారు. ఇంత కడితే ఇంత ఓటు! ఓటుకు డబ్బు కట్టి ఆ ఓటుతో డబ్బు సంపాదించడం. మధ్యలో రాసినది ఎవరైనా చదివారా అన్న ప్రశ్నే లేదు. నా చదివింపుల పుస్తకం అక్కడ బ్యాంకు ఖాతా అయింది. 2020లో ఆ సంస్థ చేతులు మారడం, తగాదా వచ్చి సభ్యులు కొందరు విడిపోయి ‘హైవ్’ అని వేరుకుంపటి పెట్టుకోవడం కూడా జరిగాయి.

‘మీడియం’ అనే ఇంకొక వేదిక 2017లో రచయితలకు చప్పట్లనుబట్టి డబ్బు ఇవ్వసాగింది. 2019లో పద్ధతి మార్చి, చదివిన సమయాన్నిబట్టి ఇస్తామన్నది. కొలత మారగానే రాతా మారుతుంది. చప్పట్లు లెక్కపెడితే చప్పట్లు కొట్టించే రాత వస్తుంది, నిమిషాలు లెక్కపెడితే నిమిషాలు పట్టే రాత వస్తుంది. కాయ బరువునుబట్టి ధర ఇస్తే రైతు బరువు చూసుకుంటాడు, రంగునుబట్టి ఇస్తే రంగు చూసుకుంటాడు. అది రైతు తప్పు కాదు. కాని తోటలో ఏం నాటాలో కొలిచేవాడే నిర్ణయిస్తున్నాడని మాత్రం తెలుసుకోవాలి.

నాకు ఆలస్యంగా బోధపడిన సంగతి ఇదే. ఏ వుపాయమైనా పాఠకుణ్ణి తెస్తుంది, అబద్ధం కాదు. కాని అది వూరికే రాదు. పాఠకుణ్ణి తెచ్చినంత నెమ్మదిగా రచయితను కూడా మారుస్తుంది. చదివింపులవాడు పొగడటం నేర్చుకుంటాడు. వేళకు రాసేవాడు తొందర నేర్చుకుంటాడు. సశేషంవాడు సాగదీయడం, తగాదావాడు కోపం నటించడం నేర్చుకుంటారు. కనుక ఏ వుపాయం ఎక్కువమందిని తెస్తుంది అని అడగడం సగం ప్రశ్న. అది నన్ను ఎవరిగా మారుస్తుంది, ఆ మనిషిగా వుండటం నాకు ఇష్టమేనా అన్నది మిగతా సగం.

అడుగుకాయ

ఇక 40 మంది చదివిన కథ. అది 2025 వేసవి కథ. ఆ ఏడు తోతాపురి ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు గిట్టేటట్టు చూస్తామనీ, అందులో 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలనీ ఏర్పాటు జరిగింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలిచిపోయాయి. ఆ వరసలో కాయల బండితో రోజుల తరబడి నిలబడిన తండ్రికి, కూతురు క్యారియరులో సంగటి తీసుకుపోవడం. అంతే కథ. రాత్రి ట్రాక్టరు కింద గోనెపట్టా పరుచుకుని పడుకున్న తండ్రి, పైన మగ్గిపోతున్న కాయల వాసన, “ఇంటికి పోమ్మే, చీకటి పడతాండాది” అనే మాట. ఏడు పేజీలు. సశేషం లేదు. మా చిత్తూరు మాటలోనే రాసింది.

చదివి కాసేపు కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్నాను.

మా ప్రాంతంలో ఇది కొత్త దారి కాదు. దామలచెరువులో వుండి బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాంగారు మా పల్లెల మనుషులమీదనే వందల కథలు రాశారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందారు. ఆ దామలచెరువూ మామిడికాయల వూరే. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ తమ వూరి మాటలోనే రాశారు. ఆ మాట ఇతర ప్రాంతాలవారికి కొరుకుడు పడదేమో అని ఎవరైనా అనుకుని వుండవచ్చు. తెలుగువారు అన్ని చోట్లా చదువుకున్నారు. తన మాట, తన మనిషి అన్నది కూడా ఒక వుపాయమే. అన్నిటికంటే నెమ్మదిగా పనిచేసే వుపాయం. కాని అది రచయితను ఇంకొకరిగా మార్చదు. వున్న మనిషినే లోతు చేస్తుంది.

మరునాడు ఆ అమ్మాయిని పిలిచి నాకు తోచింది చెప్పాను. “సీరియల్ రాయడం తప్పు కాదమ్మా. దానివల్ల వచ్చే నాలుగు రూపాయలు నీ బస్సు ఖర్చుకు పనికొస్తాయి. భాగం ఎట్లా ముగించాలో కూడా నేర్పుతుంది. కాని 30 భాగాల కథను 30 భాగాలలో ముగించు. రోజూ రాసేది వారానికి మూడుసార్లు చెయ్యి. మిగతా రోజులు చదువు. ఇతరుల కథలకు అభిప్రాయం రాస్తే చివరిదాకా చదివిన తరువాతనే రాయి. నెలకొక కథ మాత్రం ఎంతమంది చదివారని చూడకుండా, ఆ ట్రాక్టరు కథ రాసినట్టు రాయి.”

ఆమె ఫోను తీసి ఒక అభిప్రాయం చూపింది. ట్రాక్టరు కథ కింద కువైటులో డ్రైవరుగా పనిచేస్తున్న మన ప్రాంతపు ఆయన ఎవరో రాశారు: “మా నాయన కూడా అట్లే బండి కింద పండుకున్నాడు తల్లీ. రెండుసార్లు చదివినాను.” 8 వేలమంది చదివిన సీరియల్ కింద వందల అభిప్రాయాలున్నాయి. వాటిలో ఇట్లాంటిది ఒక్కటి చూపించమన్నాను. వెదికింది. దొరకలేదు.

సీరియల్‌ను 60వ భాగంతో ముగించింది. పాఠకులు కొందరు కోప్పడ్డారు, కొందరు వెళ్ళిపోయారు. అదీ నిజమే; దాచడం దేనికి? ఆ నెల చేతికి వచ్చే డబ్బు కూడా తగ్గింది.

మొన్న ఆదివారంనాడు తన ట్రాక్టరు కథను వాళ్ళ నాన్నకు చదివి వినిపించిందట. ఆయన అన్నమాట నాకు వచ్చి చెప్పింది. అంతా విని, చాలాసేపు వూరుకుని, “ఎంతమంది చదివినారమ్మే దీన్ని?” అని అడిగాడట.

“ఎక్కువమంది లేదు నాయనా. 43 మంది” అన్నదట ఈమె, కొంచెం సిగ్గుపడుతూ.

“నలబై ముగ్గురా!” అన్నాడట ఆయన. “ఆ పొద్దు లైన్లో నాలుగు దినాలు నిలబడుంటే, ఏమప్పా అని అడిగినోడు ఒకడూ లేడే!”